పీతల బోను లాగిన తోడేలు: ఆలోచించి చేసిందా, తడుముకుంటే తగిలిందా?

వేకువపిట్ట

కెనడా పడమటి తీరంలో హేల్ట్‌సుక్ తెగవాళ్ల ప్రాంతంలో తీసిన తోడేలు వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. యూరప్ నుంచి వచ్చిపడి అక్కడి తీరాన్ని పాడుచేస్తున్న ఆకుపచ్చ పీతల్ని పట్టడానికి నీళ్లలో బోనులు దించుతారు. 2023 నుంచి ఆ బోనులు చిరిగిపోయి కనబడటం మొదలైంది. వాటిలో కొన్ని ఎంత ఆటు వచ్చినా బయటపడనంత లోతులో ఉన్నవి. అందుకని ఏ నీటికుక్కో, సీల్‌చేపో చేసి ఉంటుందనుకున్నారు. 2024 మే నెలలో కెమెరా పెట్టి చూస్తే తేలింది తోడేలు! ఆడది. ఈదుకుంటూ వచ్చి, నోట కరుచుకున్న బోయాని (బోనుకి తాడుతో కట్టి నీళ్ల మీద తేలనిచ్చే గుర్తుబంతి) ఒడ్డున పడేసింది. తర్వాత తాడు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగింది. బోను లోతు తక్కువ నీళ్లలోకి రాగానే వల చింపి లోపలి ఎర తినేసింది. మొత్తం పని నిమిషాల్లో అయిపోయింది.

నా సందేహం ఇది. బోను నీళ్లలో మునిగి ఉంది, ఎర దానిలోపల ఉంది. పైకి కనబడేది బోయా ఒక్కటే. తాడు చివర తిండి ఉందని తోడేలుకి ముందే తెలుసా? తెలిసేంత తెలివి ఉంటే మిగతా తోడేళ్లన్నీ ఎందుకు చేయవు?

పెంపుడు జంతువుల కథలు మాత్రం వద్దండీ. అడవిలో, సముద్రంలో, స్వేచ్ఛగా తిరిగే వాటి గురించే మాట్లాడుకుందాం.

రాత్రిడ్యూటీ

తీగ లాగితే డొంకంతా కదిలిందంటారు. ఇక్కడ తాడు లాగితే సైంటిస్టులంతా కదిలారు.

సున్నపురాయి

వీడియో చూశాను, బాగుంది. కానీ "తెలుసా" అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. ఒక పనిని చిన్న కారణంతో వివరించగలిగినప్పుడు పెద్ద కారణం దాకా పోవద్దని జంతువుల మనస్తత్వం మీద పనిచేసిన లాయిడ్ మోర్గన్ 1894లోనే హెచ్చరించాడు. ఈ రంగంలో ఇప్పటికీ ఆ మాట చుట్టూనే గొడవ.

ఈ తోడేలుకి చిన్న కారణాలు చాలానే దొరుకుతాయి. ఎర వాసన తాడుకీ బోయాకీ అంటి ఉండొచ్చు. పడవల మీద వచ్చే మనుషులు తాడు లాగడం ఎన్నోసార్లు చూసి ఉండొచ్చు. ముందు ఒడ్డు పక్కన సగం తేలిన బోను దొరికి, ఆ రుచి మరిగి, అక్కణ్నుంచి మెల్లమెల్లగా లోతువైపు వెళ్లి ఉండొచ్చు. ఇందులో ఏది నిజమైనా తోడేలు గట్టిదే. కానీ కనబడని వస్తువును మనసులో ఊహించుకుందని చెప్పడానికి ఒక్క వీడియో చాలదు.

కొండవాగు

సున్నపురాయి గారూ, మీరొస్తే చాలు, ఉత్సాహం మీద నీళ్లు చల్లేస్తారు 🙂

ఒక వీడియో చాలదంటారు, సరే. జపాన్‌లో సెండాయ్ కాకుల సంగతేంటి మరి? అక్రోట్లు తెచ్చి రోడ్డు మీద కారు టైర్ల కింద పడేలా పెడతాయి. కార్లు వెళ్లాక పప్పు ఏరుకుంటాయి. అది ఒక కాకి ఒకరోజు చేసింది కాదు, ఏళ్ల తరబడి చూసిన విషయం. అందులో కూడా వాసన, అలవాటు అంటారా?

సున్నపురాయి

కార్ల సంగతి మీరే తెచ్చారు కాబట్టి చెబుతాను. కాలిఫోర్నియాలో కూడా కాకులు ఇలాగే చేస్తున్నాయని అందరూ నమ్మేవారు. డేనియల్ క్రిస్టల్, ఆయనతో పనిచేసేవాళ్లు దాన్ని పరీక్షించి 1997లో ప్రచురించారు. కాకి నిజంగా కారుని వాడుకుంటోందంటే ఏం జరగాలి? కారు వస్తున్నప్పుడు కాయ వదలడం ఎక్కువ ఉండాలి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ ఉండాలి. కారు వస్తుంటే కాయను రోడ్డు మీదే వదిలి ఎగిరిపోవాలి. లెక్క తీస్తే రెండింటికీ తేడా లేదు. గట్టి నేల మీద పడేసి పగలగొట్టుకోవడం కాకులకు మామూలే. రోడ్డు గట్టి నేల. దాని మీద కార్లు తిరుగుతాయి. మనకు కథ అల్లుకోవడానికి ఆ మాత్రం చాలు.

నాకు ఈ మొత్తం రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన పేపర్ ఇది. కెమెరా చూపించేది ఏం జరిగిందన్నదే. అలా కాకుండా ఇంకోలా ఎన్నిసార్లు జరిగిందో కూడా లెక్కపెట్టినవాడికే అసలు సంగతి తెలుస్తుంది.

పాతబైనాక్యులర్

సున్నపురాయి చెప్పింది నిజమే గానీ ఒక మాట కలపాలి. కాలిఫోర్నియాలో చూసింది అమెరికన్ కాకుల్ని. సెండాయ్‌వి క్యారియన్ క్రో జాతివి, వేరే. అక్కడ పక్షులు సిగ్నల్ దగ్గర ఆగిన కార్ల ముందుకు నడిచి వెళ్లి కాయ పెట్టడం కూడా నమోదైంది. ఒకచోట తేలిన ఫలితాన్ని ఇంకోచోటికి మోసుకుపోకూడదు.

అసలు పొరపాట్లు రెండు వైపులా జరుగుతాయి నాయనా. బెట్టీ అనే న్యూ కాలెడోనియన్ కాకి కథ విన్నారుగా. ఆక్స్‌ఫర్డ్‌లో 2002లో, తిన్నటి తీగను కొక్కెంలా వంచి, గొట్టంలోంచి తిండి ఉన్న చిన్న బకెట్ పైకి తీసింది. తీగ అనే వస్తువు అడవిలో ఉండదు కాబట్టి, అప్పటికప్పుడు మెరుపులా ఆలోచించిందని ప్రపంచమంతా రాశారు. 2016లో క్రిస్టియన్ రుట్జ్ బృందం అదే జాతి కాకులకు మామూలు పుల్లలిచ్చి చూసింది. అడవి నుంచి పట్టి తెచ్చిన కాకులు ఆ పుల్లల్ని తమంతట తామే వంచాయి. అంటే వంచడం ఆ జాతికి చేతనైన విద్యే. బెట్టీ కూడా అడవిలో పట్టిన పక్షే! మెరుపు అన్నదాంట్లో ఎంతోకొంత పాత అలవాటు ఉంది.

అయితే గమనించండి. దీనివల్ల కాకి తక్కువైపోలేదు. అడవిలో ఆ పక్షి కొక్కేలు తయారు చేసుకుంటుందని గావిన్ హంట్ 1996లోనే చూపించాడు. ప్రయోగశాల టేబుల్ మీద జరిగిందాన్ని అంచనా వేయాలంటే, ఆ జీవి అడవిలో రోజంతా ఏం చేస్తుందో ముందు తెలిసి ఉండాలి.

గువ్వ

మా పిల్లి తలుపు గడియ తీస్తుంది, అది కూడా...

నిర్వాహకుడు

గువ్వ గారూ, మొదటి పోస్టు చివరి రెండు లైన్లు చూడండి. పిల్లుల కోసం వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే చాలా గడియలు తెరుచుకున్నాయి.

వేకువపిట్ట

😀 గువ్వ గారూ, ఏమీ అనుకోకండి.

పాతబైనాక్యులర్ సార్, నా రెండో ప్రశ్న మిగిలిపోయింది. ఒక తోడేలు చేసింది, మిగతావి ఎందుకు చేయడంలేదు? జాతికి చేతనైన విద్యే అయితే అన్నింటికీ రావాలి కదా.

నల్లరేగడి

దీనికి సూటిగా జవాబిచ్చే పని ఒకటుంది. ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

కెన్యాలో మసాయి మారాలో అడవి హైనాల ముందు స్టీలు పెట్టెలు పెట్టారు. లోపల మాంసం, బయట గడియ. సారా బెన్సన్-ఆమ్రమ్, కే హోల్‌క్యాంప్ చేసిన పని, 2012లో వచ్చింది. పెట్టెతో కుస్తీపట్టినవి 62 హైనాలు. తెరిచినవి ఎన్ని? 9.

అసలు విషయం ఆ తొమ్మిదింటిలో ఏముందన్నదే. మొదటిసారి పెట్టె చూడగానే ఎన్ని రకాలుగా ప్రయత్నించిందన్న లెక్క తీశారు. కొరకడం, గోకడం, తిప్పడం, నెట్టడం, పైకెత్తడం... ఎక్కువ రకాలు ప్రయత్నించినవే గెలిచాయి. కొత్త వస్తువంటే బెరుకు తక్కువున్నవి కూడా. గుత్తిలో తాళంచెవులు ఎక్కువున్నవాడికి తలుపు తెరుచుకునే అవకాశం ఎక్కువ, అంతే. కూర్చుని ఆలోచించి, "ఆహా" అని లేచి తెరిచిన హైనా లేదు.

ఏనుగుల దగ్గర కూడా ఇదే. థాయ్‌లాండ్‌లోని సలాక్‌ప్రా అభయారణ్యంలో సారా జేకబ్‌సన్, జాషువా ప్లాట్నిక్ మూడు అరలున్న పెట్టెలు పెట్టారు. లోపల పనసపండు. ఒక అర తలుపు లాగాలి, ఒకటి నెట్టాలి, ఒకటి పక్కకి జరపాలి. రాత్రుళ్లు కెమెరాలు చూస్తుంటాయి, మనిషి దగ్గర్లో ఉండడు. అటువైపు వచ్చినవి 77 ఏనుగులు. పెట్టె జోలికి వెళ్లినవి 44. మూడు అరలూ తెరిచినవి 5 మాత్రమే. అక్కడ కూడా తేడా తెచ్చింది పట్టుదల: పెట్టె దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చి, ఎక్కువసేపు వదలకుండా ప్రయత్నించినవి ఎక్కువ అరలు తెరిచాయి.

కాబట్టి వేకువపిట్ట గారూ, "తోడేళ్లు తెలివైనవా" అని అడిగితే జవాబు రాదు. ఒకే జాతిలో, ఒకే గుంపులో, ఈ జంతువుకీ ఆ జంతువుకీ ఉన్న తేడా చాలా పెద్దది. మనం జాతి పేరు పెట్టి మాట్లాడతాం. పని చేసేది మాత్రం ఒక్క జంతువు.

కొండవాగు

నల్లరేగడి, ఈ పోస్టుని పైన పిన్ చేయాలి.

ఒక డౌట్. జూలో ఉన్న హైనాలకి అదే పెట్టె ఇస్తే?

నల్లరేగడి

ఇచ్చారు. 2013లో వచ్చింది. బందీగా పెరిగినవి అడవివాటికన్నా చాలా బాగా చేశాయి. వాటికి బుర్ర ఎక్కువని కాదు. కొత్త వస్తువంటే భయం తక్కువ, గెలికి చూడటం ఎక్కువ. అడవిలో కొత్త వస్తువంటే ఉచ్చు కావచ్చు. పెట్టె గెలుకుతున్నంతసేపూ వెనక సింహం రాదని హామీ ఏమీ లేదు. తిండికి దిగులు, ప్రాణానికి టెన్షన్ లేని జంతువు కొత్తవి ప్రయత్నిస్తూ కూర్చోగలదు.

అందుకే జూలో చూసి "ఈ జాతి ఇంత చేయగలదు" అనడం, అడవిలో చూసి "ఇంతే చేయగలదు" అనడం, రెండూ నాకు నచ్చవు.

సున్నపురాయి

దీనికి నా ఓటు. పైగా నేను మొదట్లో అన్నదానికి ఇది దగ్గరగానే ఉంది: రకరకాలుగా గెలకడం, తగిలినదాన్ని గుర్తుపెట్టుకోవడం.

కొండవాగు

దగ్గరగా ఏం లేదండీ! "రకరకాలుగా ప్రయత్నించడం" తెలివి కాదని ఎవరు చెప్పారు? మనిషి మాత్రం కొత్తది కనిపెట్టేది ఎలా? పది చెడగొట్టాకే కదా. జంతువు చేస్తే గెలకడం, మనిషి చేస్తే పరిశోధనా?

రాత్రిడ్యూటీ

మనిషికి గ్రాంట్ వస్తుంది. తేడా అదే.

గువ్వ

పిల్లి లేకుండా అడుగుతున్నాను ఈసారి. ఒకటి కనిపెట్టాక మిగతావాటికి ఎలా చేరుతుంది? జపాన్ కోతుల గురించి విన్నాను. ఒక కోతి చిలగడదుంప కడగడం మొదలుపెడితే, వందో కోతి నేర్చుకోగానే దూరపు దీవుల్లోని కోతులకి కూడా వచ్చేసిందట కదా?

పాతబైనాక్యులర్

గువ్వమ్మా, కథ మొదటి సగం నిజం, రెండో సగం కట్టుకథ.

కోషిమా దీవిలో 1953లో ఇమో అనే ఆడకోతి, ఏడాదిన్నర పిల్ల, ఇసుక అంటిన దుంపను నీళ్లలో కడిగి తింది. మొదట నేర్చుకున్నది దాని తల్లి, ఆటల తోడు పిల్లలు. ముసలి మగకోతులు చాలావరకు చివరిదాకా నేర్చుకోనేలేదు. 1956లో అదే ఇమో ఇసుకలో కలిసిన గోధుమ గింజల్ని గుప్పిట పట్టి నీళ్లలో వేసింది. ఇసుక మునుగుతుంది, గింజ తేలుతుంది. వీటిని జపాన్ పరిశోధకులు ఏ కోతి ఎప్పుడు నేర్చుకుందో పేరు పేరునా రాసిపెట్టారు. వందో కోతి, మాయగా దీవులు దాటడం ఆ రికార్డుల్లో లేదు. 1970ల చివర్లో ఎవరో పుస్తకంలో రాసింది లోకం పట్టుకుపోయింది.

నిజానికి నేర్చుకోవడం నత్తనడకన సాగింది. ఒక్కో కోతికీ ఏళ్లు పట్టింది. అది చూసే బెన్నెట్ గేలఫ్ అనే మనస్తత్వశాస్త్రవేత్త, ఇంత నెమ్మదిగా వ్యాపిస్తే ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుందని గట్టిగా ఎలా అంటారని నిలదీశాడు. ఎవరికి వాళ్లు కనిపెట్టుకుని ఉండొచ్చు కదా అని.

సున్నపురాయి

గేలఫ్ పేరు వచ్చింది కాబట్టి పాల సీసాలు కూడా చెప్పేయండి సార్.

పాతబైనాక్యులర్

మీరే చెప్పొచ్చుగా, నన్ను కష్టపెట్టకపోతే! సరే.

బ్రిటన్‌లో గుమ్మాల ముందు పెట్టే పాల సీసాల మూతలు పొడిచి, పైన తేలిన మీగడ తినడం టిట్ పిట్టలకు అలవాటైంది. మొదటి నమోదు 1921లో, సౌతాంప్టన్ పక్కన స్వేత్‌లింగ్‌లో. 1949లో ఫిషర్, హైండ్ జనం చెప్పిన సమాచారమంతా కూడగట్టి, అది ఊరూరా ఎలా వ్యాపించిందో చూపించారు. పిట్టను చూసి పిట్ట నేర్చుకుందనే అందరూ రాసేవారు. 1984లో షెర్రీ, గేలఫ్ వీటి దగ్గరి చుట్టం చికడీ పిట్టలతో ప్రయోగం చేశారు. మూత తెరిచే పిట్టను చూపించనే లేదు. అప్పటికే మూత తెరిచి ఉన్న గిన్నెలో తిననిచ్చారంతే. కొన్ని పిట్టలు ఆ తర్వాత మూసిన మూతల్ని తమంతట తామే పొడిచాయి. అంటే గురువు అక్కర్లేదు, గురువు తిని వదిలేసిన సీసా చాలు.

నల్లరేగడి

కానీ కథ అక్కడ ఆగలేదు. ఆక్స్‌ఫర్డ్ పక్కన వైథమ్ అడవుల్లో లూసీ ఆప్లిన్ బృందం 2015లో ప్రచురించిన పని గేలఫ్ అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన అందమైన జవాబు. అడవిలోని గ్రేట్ టిట్ పిట్టలకు చిన్న చిప్‌లు తగిలించి ఉన్నాయి, ఏది ఎప్పుడు ఎవరితో తిరుగుతుందో తెలుస్తుంది. ఒక్కో చోట రెండేసి పిట్టల్ని పట్టి, పెట్టె తలుపును జరపడం నేర్పి వదిలారు. తలుపుని ఎడమకి జరిపినా, కుడికి జరిపినా పురుగు దొరుకుతుంది. కొన్ని గుంపుల్లోని గురువులకి ఎడమే నేర్పారు, కొన్నింటికి కుడే.

నాలుగు వారాల్లో సగటున నాలుగింట మూడు వంతుల పిట్టలు నేర్చేసుకున్నాయి. ఎడమ గురువుల గుంపు ఎడమకే, కుడి గురువుల గుంపు కుడికే! రెండూ సమానమే అయినా ఊరి పద్ధతే పాటించాయి. ఒక గుంపులోంచి ఇంకో గుంపుకి మారిన పిట్టల్లో చాలావరకు కొత్త ఊరి పద్ధతికి మారిపోయాయి. మరుసటి ఏడాది మళ్లీ పెట్టెలు పెడితే అదే పక్షపాతం కనిపించింది, మధ్యలో చాలా పిట్టలు చనిపోయి కొత్తవి వచ్చినా సరే. ఎవరికి వాళ్లు కనిపెట్టుకుంటే ఇలా చీలవు.

కొండవాగు

హమ్మయ్య.

చింపాంజీలది కూడా చెప్పాలి. ఉగాండాలో బుడొంగో అడవి, 2011. నీళ్లు తాగడానికి ఆకులు నమిలి స్పంజిలా వాడటం వాటికి పాత అలవాటు. నిక్ అనే గుంపు నాయకుడు ఒకరోజు ఆకుల బదులు నాచుతో స్పంజి చేశాడు. ఆరు రోజుల్లో మరో ఏడు చింపాంజీలు నాచు స్పంజి వాడాయి. కెమెరాలు అప్పటికే అక్కడ ఉన్నాయి కాబట్టి ఎవరు ఎవర్ని చూశాక చేశారో వరసగా దొరికింది. అడవి చింపాంజీల్లో ఒక కొత్త అలవాటు పుట్టి పాకడాన్ని ఇంత వివరంగా పట్టుకోవడం చాలా అరుదు.

గువ్వ

ఇమో పిల్ల, నిక్ నాయకుడు. ఇంతకీ కొత్తవి కనిపెట్టేది చిన్నవా, పెద్దవా?

నల్లరేగడి

సైమన్ రీడర్, కెవిన్ లేలండ్ 2001లో ప్రైమేట్స్ (కోతులు, చింపాంజీల్లాంటివి) మీద అచ్చయిన కేసులన్నీ ఏరి లెక్కేశారు. పెద్దవి పిల్లలకన్నా ఎక్కువ, గుంపులో అడుగున ఉన్నవి పైనున్నవాటికన్నా ఎక్కువ కనిపెట్టాయని తేలింది. అడుగున ఉన్నదానికి మంచి తిండి దక్కదు, దారి వెతుక్కోక తప్పదు. ఆ లెక్కన ఇమో, నిక్ ఇద్దరూ సగటుకి ఎదురు నడిచారు. ప్రసిద్ధమైన ఉదాహరణల్ని బట్టి నియమం తీస్తే ఇలాగే ఉంటుంది.

రాత్రిడ్యూటీ

ఆఫీసులో కూడా అడుగున ఉన్నవాడే షార్ట్‌కట్‌లు కనిపెడతాడు. నిరూపితం.

వేకువపిట్ట

అవసరం నుంచే కొత్త ఉపాయం పుడుతుందన్నమాట. అమెరికా తూర్పు తీరంలో, గల్ఫ్ ఆఫ్ మైన్‌లో హంప్‌బ్యాక్ తిమింగలాలది కూడా అదే కదా? హెర్రింగ్ చేపలు పడిపోయిన రోజుల్లో, 1980లో ఒక తిమింగలం చేపల చుట్టూ బుడగల వల వేసే ముందు తోకతో నీళ్ల మీద చరచడం మొదలుపెట్టింది. శాండ్ లాన్స్ అనే చిన్న చేపలు పెరిగిన చోట ఆ పద్ధతి పనికొచ్చింది. 2007 నాటికి అక్కడి తిమింగలాల్లో మూడింట ఒక వంతుకు పైగా అలా చేస్తున్నాయి.

పాతబైనాక్యులర్

అవసరం ఒక దారి. తీరిక ఇంకో దారి. దీని మీదే నాకు నిద్ర పట్టని కేసు ఒకటుంది.

పనామాలో హికరోన్ అని చిన్న దీవి. అక్కడి తెల్లముఖం కపుచిన్ కోతులు రాళ్లతో కాయలు, గుల్లలు పగలగొడతాయి. వాటిని చూడటానికి 2017 నుంచి కెమెరాలు పెట్టారు. 2022 జనవరిలో కెమెరాలో ఒక విడ్డూరం పడింది. కుర్ర మగ కపుచిన్ ఒకటి వీపు మీద వేరే జాతి కోతిపిల్లను మోస్తోంది. హౌలర్ కోతిపిల్ల. ఆ మగకోతికి జోకర్ అని పేరు పెట్టారు. కొన్ని నెలల తర్వాత మరికొన్ని కుర్ర మగకోతులు కూడా మొదలుపెట్టాయి. ఏడాది పైచిలుకు కాలంలో కనీసం 11 పిల్లలు. తల్లుల దగ్గర్నుంచి ఎత్తుకొచ్చినవే. పాలు లేక కొన్ని పిల్లలు చనిపోయాయి.

కపుచిన్‌లకి ఏం లాభం? తినలేదు, పెంచలేదు, పెద్దగా ఆడుకోనూ లేదు. ఊరికే మోశాయి. 2025లో దీన్ని ప్రచురించినవాళ్లు విసుగు కూడా ఒక కారణం కావచ్చన్నారు. దీవిలో వేటాడే జంతువులు లేవు, తిండికి లోటు లేదు, బోలెడంత సమయం. రాళ్లు వాడటం కనిపెట్టిన గుంపే పిల్లల్ని ఎత్తుకుపోవడం కూడా కనిపెట్టింది.

కొండవాగు

ఇది చదివాక కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

సున్నపురాయి

నాకు మాత్రం ఇది చాలా విలువైన కేసు. "కొత్త ఉపాయం అంటే మంచిది, బతకడానికి పనికొచ్చేది" అనే ఊహ మనలో గట్టిగా ఉంది. జర్నల్స్‌లో అచ్చయ్యేవి కూడా గెలిచిన ఉపాయాలే ఎక్కువ. పనికిరాని కొత్త పనులు అడవిలో ఎన్ని పుట్టి పోతున్నాయో, వాటిని ఎవరు లెక్కపెడతారు?

ఆర్కాలు (కిల్లర్ వేల్స్) కూడా ఇంతే. 1987లో అమెరికా వాయవ్య తీరంలో ఒక ఆడ ఆర్కా చచ్చిన సాల్మన్ చేపను తల మీద పెట్టుకుని తిరిగింది. కొన్ని వారాల్లో పక్క గుంపులకీ అంటుకుంది. తర్వాత ఆగిపోయింది. దాన్ని ఫ్యాషన్ అంటారో, సంస్కృతి అంటారో మీ ఇష్టం. కడుపు నింపే పని మాత్రం కాదు.

గువ్వ

ఐబీరియా తీరంలో పడవల చుక్కానులు విరగ్గొడుతున్న ఆర్కాలు కూడా ఆ లెక్కలోకేనా?

సున్నపురాయి

అక్కడ 2020 నుంచి సాగుతోంది. ప్రతీకారం అని పత్రికలు రాశాయి. ఆట అన్నదానివైపే ఎక్కువమంది పరిశోధకులు మొగ్గుతున్నారు. పడవలో ఉన్నవాడికి రెండింటికీ తేడా ఏమీ ఉండదనుకోండి.

నల్లరేగడి

"ఎవరు లెక్కపెడతారు" అన్నారు కదా. లూయీ లెఫెవ్ర్ చేసింది అదే, కనీసం పక్షుల విషయంలో. పక్షుల పత్రికల్లో "ఫలానా పక్షి ఫలానాది తినడం ఇంతకుముందెన్నడూ చూడలేదు" అని చిన్న చిన్న నోట్స్ వస్తాయి. 1990ల నుంచి ఆయన వాటిని ఏరి కూడబెట్టాడు. జింబాబ్వే యుద్ధకాలంలో మందుపాతర పొలాల కంచె పక్కన జంతువులు పేలతాయని కాచుకుని కూర్చున్న రాబందులు కూడా అందులో ఉన్నాయి. ఏ పక్షిజాతిలో ఎక్కువ కొత్తదనం నమోదైందో, వాటికి శరీరంతో పోలిస్తే ముందు మెదడు పెద్దదని తేలింది.

సున్నపురాయి గారు అడగబోయే ప్రశ్నకి ముందే జవాబు: అవును, జనం ఎక్కువగా చూసే పక్షుల మీదే ఎక్కువ నోట్స్ వస్తాయి. ఆ తేడాని లెక్కలో సరిచేశారు.

సున్నపురాయి

అడగబోయాను, నిజమే.

నల్లరేగడి

ఇంకొకటి కూడా ఉంది. సైమన్ డుకాటెజ్, లెఫెవ్ర్ తదితరులు 2020లో చూపించింది: ఇలా కొత్తవి ప్రయత్నించే పక్షిజాతులకు అంతరించే ముప్పు తక్కువ. కానీ ఆ రక్షణ ఆవాసం మారిపోయే చోటే పనిచేస్తుంది. వేట ముందు, బయటినుంచి వచ్చిపడిన శత్రుజాతుల ముందు అది పనిచేయలేదు. తుపాకీకి ఏ పక్షి ఏం ఉపాయం కనిపెడుతుంది?

వేకువపిట్ట

సిడ్నీ కకాటూ చిలుకలను ఇంతవరకూ ఎవరూ తేలేదేంటి? జంతువులు, మనుషులు పోటీపడి ఉపాయాలు మారుస్తున్న కేసు కదా అది.

కొండవాగు

నేను తెస్తాను, నా ఫేవరెట్!

పసుపు జుట్టు తెల్ల కకాటూలు చెత్తడబ్బా మూతని ముక్కుతో పైకెత్తి, తల వంచి పట్టుకుని అంచు వెంట నడుస్తూ వెనక్కి పడేస్తాయి. 2018కి ముందు మూడు పేటల్లోనే ఉన్న ఈ పని 2019 చివరికి 44 పేటలకి పాకింది. జనాన్ని అడిగి సేకరించిన సమాచారం అది. దూరంకొద్దీ పద్ధతిలో చిన్న చిన్న తేడాలు కూడా వచ్చాయి. రంగు వేసి గుర్తుపెట్టిన పక్షుల్లో దాదాపు పదింట ఒకటే మూత తెరవగలిగింది, వాటిలోనూ ఎక్కువ మగవే. మిగతావి పక్కన నిలబడి విందుకి ఎదురుచూస్తాయి 😀

జనం మూత మీద ఇటుకలు పెట్టారు. పక్షులు వాటిని నెట్టేయడం నేర్చుకున్నాయి. జనం మూత కీలులో పాత బూట్లు ఇరికించారు. ఇరుగుపొరుగుని చూసి ఆ చిట్కా కూడా వీధి వెంట పాకింది, అచ్చం పక్షుల్లాగే.

పాతబైనాక్యులర్

ఇక్కడ నాకు నచ్చింది, పరిశోధకులు మనుషుల్నీ పక్షుల్నీ ఒకే కొలతతో కొలిచారు. ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారు అని రెండు వైపులా అడిగారు.

2025లో అదే నగరపు పడమటి పేటల్లో ఇంకోటి వచ్చింది. కకాటూలు పార్కులో తాగునీటి కుళాయి పిడిని కాలితో పట్టి, ఒంటి బరువు వేసి తిప్పి నీళ్లు తాగుతున్నాయి. పది ప్రయత్నాల్లో సుమారు నాలుగే ఫలిస్తున్నాయి. అయినా వరసలో కాచుకుని మరీ తాగుతున్నాయి.

వేకువపిట్ట

మళ్లీ తోడేలు దగ్గరికి వద్దాం. సున్నపురాయి గారూ, మీకు నమ్మకం కలగాలంటే ఏం చూపించాలి? సూటిగా చెప్పండి.

సున్నపురాయి

రెండు బోయాలు. ఒకదాని తాడుకి ఎర ఉన్న బోను, రెండోదాని తాడు మధ్యలో తెగి ఉండాలి. తెగిన సంగతి ఒడ్డు నుంచి కనబడాలి. వాసన రెండింటికీ సమానంగా పూయాలి. తోడేలు తెగినదాన్ని వదిలేసి మంచిదాని దగ్గరికే పోతే, తాడుకీ తిండికీ ఉన్న సంబంధం దానికి కొంత అర్థమైందని ఒప్పుకుంటాను. దారం లాగి తిండి తెచ్చుకునే పక్షుల మీద ఇలాంటి పరీక్షలు చాలాకాలంగా ఉన్నాయి. ఒక్క దారం ఉంటే లాగేసే పక్షుల్లో చాలా, రెండు దారాలు ఒకదానిమీదొకటి అడ్డంగా వేస్తే తికమకపడతాయి.

"తోడేలు పనిముట్టు వాడింది" అన్న శీర్షికల గురించి కూడా ఒక మాట. తాడు కట్టింది మనిషి, తోడేలు లాగిందంతే. చాలా నిర్వచనాల ప్రకారం అది పనిముట్టు కిందికి రాదు. ఈ తోడేలు మీద పేపర్ రాసినవాళ్లు కూడా అది నిర్వచనాన్ని బట్టి ఉంటుందనే అన్నారు.

కొండవాగు

తెగిన తాడు పరీక్ష బాగుంది గానీ, ఎర పెట్టి పదేపదే పిలిస్తే తోడేళ్లకి మనమే ట్రైనింగ్ ఇచ్చినట్టు కాదా? మనిషి సామాను అంటే బెరుకు పోయిన తోడేలు ఎన్నాళ్లు బతుకుతుంది? ఆ ప్రాంతంలో తోడేళ్లను తెగవాళ్లు వేటాడరు, తరమరు కాబట్టే అవి అంత తీరిగ్గా గెలకగలుగుతున్నాయని ఒక అభిప్రాయం ఉంది. ఆ వాతావరణాన్ని చెడగొట్టకూడదు.

నల్లరేగడి

కొత్తగా పిలవక్కర్లేదు. పీతల కోసం బోనులు ఎలాగూ వేస్తూనే ఉంటారు. ఎర ఉన్నవీ, ఖాళీవీ, లోతు తక్కువ నీళ్లలోవీ, లోతైనవీ అన్నీ అందులోనే ఉంటాయి. వాటన్నిటి దగ్గరా కెమెరాలు పెట్టి, ఏ తోడేలు దేన్ని ముట్టుకుంది, దేన్ని ముట్టుకోకుండా వెళ్లిపోయింది అని రాసుకుంటే క్రిస్టల్ కాకుల్లాగే లెక్క తేలుతుంది. 2025లో ఇంకో తోడేలు కూడా తాడు లాగుతూ కెమెరాకి చిక్కింది. అది మొదటిదాన్ని చూసి నేర్చుకుందా, ఒడ్డున పడి ఉన్న చిరిగిన బోను చాలిందా అన్నది కూడా అక్కడే బయటపడాలి.

సున్నపురాయి

ఆ పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. ముట్టుకోకుండా వెళ్లిపోయిన రాత్రులు కూడా రాయాలి, అది మాత్రం మర్చిపోవద్దు.

రాత్రిడ్యూటీ

రాత్రులు రాయడానికి మనిషి కావాలంటే చెప్పండి, నేను ఎలాగూ మేలుకునే ఉంటాను.